గుజరాతీపేటలో మిలట్రీ పోర్షన్

మిలట్రీ వాళ్ల ఇళ్లలో సొంత సామాను తక్కువ. జబల్పూరులో మేమున్న క్వార్టర్లో మంచాలు, కుర్చీలు, భోజనాల బల్ల అన్నీ ఎంఈఎస్ వాళ్లవే, అంటే మిలట్రీ ఇళ్లు, సామాను చూసే ఇంజనీరింగ్ శాఖవి. వాటికి నెలకింతని అద్దె జీతంలో కోసేవారు. పోస్టింగ్ వచ్చిందంటే అవన్నీ లెక్క చూసి అప్పజెప్పేసి, మన పెట్టెలు మనం పట్టుకుని రైలెక్కడమే. మా నాన్న సిగ్నల్స్‌లో, అంటే సైన్యం ఫోన్లు, వైర్‌లెస్ చూసే విభాగంలో హవల్దారు. మాకు మూడు నల్ల ట్రంకు పెట్టెలు ఉండేవి. మూతల మీద తెల్ల పెయింటుతో నాన్న నంబరు, ర్యాంకు, పేరు. ప్రమోషన్ వచ్చినప్పుడు పాత ర్యాంకు మీద నల్లరంగు పూసి కొత్తది రాయించేవారు. వేలితో తడిమితే హవల్దారు కింద నాయక్ ఇంకా తగిలేది.

1998లో వానలు తగ్గుతున్న రోజుల్లో నాన్నకి ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది. కశ్మీరు. ఫీల్డ్‌కి కుటుంబాలను తీసుకెళ్లనివ్వరు. అలాంటి కుటుంబాల కోసం పెద్ద కంటోన్మెంట్లలో విడిగా కొన్ని క్వార్టర్లు ఉంటాయి గానీ, వాటికో సీనియారిటీ లిస్టు, ఆ లిస్టులో మా పేరు ఎక్కడో అడుగున. "ఆర్నెల్లలో క్వార్టరు వస్తుంది, అంతవరకు మన ఊళ్లో ఉండండి" అన్నారు నాన్న.

మన ఊరంటే నరసన్నపేట అవతల చిన్న పల్లె. తాతయ్య, బాబాయిలు అందరూ అక్కడే. అమ్మకి అక్కడుండడం ఇష్టమే. కానీ నేను ఆరో తరగతి, తమ్ముడు ఒకటి. జబల్పూరులో హిందీ, ఇంగ్లీషు తప్ప బళ్లో మరో భాష ఎరగం. అందుకని శ్రీకాకుళం టౌన్‌లో గది తీసుకుని, శని ఆదివారాలు ఊరికి వెళ్లివచ్చేటట్టు నిర్ణయమైంది. ఆర్నెల్లే కదా.

ఆమదాలవలసలో రైలు దిగాం. శ్రీకాకుళం టౌన్‌కి రైలు లేదు. స్టేషను ఆమదాలవలసలో ఉంది, దాని పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్. నాన్న సర్వీసు కాగితాల్లో దగ్గరి రైల్వేస్టేషను అన్న చోట ఆ పేరే ఉండేది. చిన్నప్పుడు నేను అదే మా ఊరి పేరనుకునేదాన్ని. అక్కడి నుంచి పెట్టెలు ఆటోలో ఎక్కించాలంటే డ్రైవరు బేరం మొదలెట్టాడు. నాన్న మూవ్‌మెంట్ ఆర్డరు, అదే మిలట్రీ వాళ్లిచ్చిన ప్రయాణపు కాగితం, మడత విప్పి చూపించారు. ఆటోవాడికి అదెందుకో నాకు ఇప్పటికీ తెలీదు, అతను మాత్రం పది రూపాయలు తగ్గించాడు.

గది గుజరాతీపేటలో, నాగావళికి దగ్గర్లో. ఒకే వరుసలో అయిదు పోర్షన్లు. అందరికీ కలిపి ముందు పొడుగాటి అరుగు. వెనక ఒక బోరింగు, ఒక స్నానాల గది, ఒక దొడ్డి. మా పోర్షన్ చివరిది. పోర్షన్ అనడమే గానీ ఒకటే గది. పది అడుగులకి పన్నెండు ఉంటుందేమో. ఒక మూల గచ్చు కొంచెం ఎత్తు చేసి ఉంది, అది వంటిల్లు. అద్దె మూడువందల యాభై.

ఇంటి యజమానురాలిని అందరూ మామ్మ అనేవారు. భర్త పోయాక ఆ అయిదు పోర్షన్ల అద్దెల మీదే కొడుకునీ మనవల్నీ ఒక తాటి మీద నడిపిస్తున్న మనిషి. మా పెట్టెలు దింపుతుంటే అరుగు మీద కూర్చుని చూసి, "ఏటమ్మా ఇవి, కోవిల హుండీల్లాగున్నాయి" అంది. నాన్న రెండు రోజులుండి వెళ్లిపోయారు. వెళ్లేముందు గ్యాస్ ట్రాన్స్‌ఫర్ వోచరు అమ్మ చేతికిచ్చి, ఇది పోతే మళ్లీ కనెక్షన్ రాదని మూడుసార్లు చెప్పారు.

గ్యాస్ రావడానికి చాలా నెలలు పట్టింది. అందాకా వత్తుల స్టవ్వే. రేషన్ కార్డు లేదు కాబట్టి కిరసనాయిలు బయట కొనాలి. కార్డుకి అర్జీ పెట్టుకుందామంటే అమ్మ వద్దంది. ఆర్నెల్లకి కార్డెందుకు? ఆ మాటే అన్నిటికీ. గోడకి మేకులు కొట్టనివ్వలేదు. ఆర్నెల్లకి మేకులెందుకు? మామ్మ పాత నవ్వారు మంచం అయిదొందలకి ఇస్తానంటే కొనలేదు. మంచం పోస్టింగులో ఎవరు మోస్తారు?

ఆ మూడు పెట్టెలే మా ఫర్నిచర్. పగలు రెండు పెట్టెలు పక్కపక్కన వేసి, మీద మడతపెట్టిన పరుపులు, ఆ పైన రంగు దుప్పటి కప్పితే వచ్చినవాళ్లు కూర్చోవడానికి సోఫా. మూడోది వంటమూల దగ్గర నిలువుగా పెడితే దాని వెనక బియ్యం, పప్పులు. సాయంత్రం పరుపులు దించితే పెట్టెలు మా చదువుల బల్ల. మూత మీద నోటుబుక్కు పెట్టి రాస్తుంటే లోపల నుంచి డబడబమని చప్పుడొచ్చేది. రాత్రి గుమ్మం దగ్గర అమ్మ, మధ్యలో నేను, గోడ పక్కన తమ్ముడు. వంటమూలకీ మాకూ మధ్య అమ్మ పాత వాయిలు చీర అడ్డం. ఇంత ఇరుకులో ఎలా ఉంటున్నారని ఊళ్లో నుంచి వచ్చినవాళ్లు జాలిపడేవారు. మాకు మాత్రం నెల తిరిగేసరికి ఏ వస్తువు ఏ చోట ఉందో చీకట్లో కూడా తెలిసిపోయింది. కరెంటు పోయిన రాత్రి మొదట దీపం వెలిగేది మా పోర్షన్‌లోనే.

బళ్లో తెలుగు పరీక్షల్లో నాకు సున్నాలొచ్చాయి, తర్వాత సర్దుకుంది. పిల్లలు "హిందీ గుంట" అనేవారు, అదీ కొన్నాళ్లే.

నాన్నకి రాసే ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీవో, అంతే. "ఇదెక్కడమ్మా? ఊరు రాయడం మర్చిపోయారు" అని పోస్టాఫీసు కౌంటరులో ఆయన వెనక్కిచ్చేశాడు మొదటిసారి. 56 ఏపీవో అంటే ఒక ఊరు కాదని, ఉత్తరం ముందు ఢిల్లీ పోతుందని, అక్కడ మిలట్రీ పోస్టాఫీసు వాళ్లకి యూనిట్ ఎక్కడుందో తెలుస్తుంది గానీ మనకి తెలియకూడదని అమ్మ ఆయనకి చెప్పింది. వెనకున్న క్యూ అంతా ఆసక్తిగా విన్నారు. ఫోన్ సంగతి ఇంకోలా. మాకు ఫోన్ లేదు. వీధి చివర ఎస్టీడీ బూత్ ఆయన నంబరు నాన్నకి రాసి పంపాం. ఫోనొస్తే కుర్రాడు పరుగెత్తుకొచ్చి "మిలట్రీ అమ్మా, ఫోన్" అని వీధి మొదట్లోంచే అరిచేవాడు. అమ్మ చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. అయిదు పోర్షన్ల వాళ్లూ అరుగు మీదకొచ్చి నిలబడేవారు, ఏం మాట్లాడారో వినడానికి.

ఆర్నెల్లు అయిపోయాయి. క్వార్టరు రాలేదు. మే నెలలో కార్గిల్ మొదలైంది.

ఆ వేసవి గురించి ఎక్కువ రాయలేను, నిజానికి మాకేమీ తెలిసేది కాదు. నాన్న యూనిట్ ఎక్కడుందో, కొండల మీదుందో కిందుందో తెలీదు. సిగ్నల్స్ వాళ్లు తుపాకీ పట్టుకుని ముందుకెళ్లరు కదా అని బాబాయి ధైర్యం చెప్పాడు. షెల్లింగులో టెలిఫోన్ లైన్లు తెగిపోతే వెళ్లి అతికేది సిగ్నల్స్ వాళ్లేనని అమ్మకి తెలుసు. తెలిసీ తలూపింది. మామ్మ ఇంట్లో టీవీ ఉండేది. వార్తల వేళకి వీధంతా అక్కడే. అమ్మ మాత్రం ఒక్కరోజూ వెళ్లలేదు. దాంతో వార్తలు చూసినవాళ్లందరూ అక్కడి నుంచి నేరుగా మా గదికొచ్చేవారు. సోఫా నిండిపోయేది, గుమ్మంలో ఇద్దరు, వంటమూల గట్టు మీద ఒకరు. ఓదార్చడానికి వచ్చినవాళ్లకి టీలు కాచేసరికి నెల కిరసనాయిలు పదిహేను రోజులకే అయిపోయింది. అమ్మకి ఒక్కర్తే కూర్చోవడానికి చోటు లేదు ఆ గదిలో. ఆదివారం తెల్లవారకముందే లేచి అరసవల్లి దాకా నడిచి వెళ్లి వచ్చేది. రెండు కిలోమీటర్ల దూరానికి పొద్దు బాగా ఎక్కాక వచ్చేది. ఆలస్యమైందేమని మేం అడగలేదు.

జులైలో ఉత్తరం వచ్చింది. రాసింది జూన్‌లో. అమ్మ నాలుగుసార్లు చదివి నాకిచ్చింది. తాను క్షేమమని ఒక వాక్యం. తర్వాత, గ్యాస్ వోచరు జాగ్రత్త. పెట్టెలు గచ్చు మీద నేరుగా పెట్టవద్దు, కింద ఇటుకలు పెట్టి లేపండి, వానాకాలం తుప్పు పడుతుంది. నెలకోసారి నూనె గుడ్డతో తుడవండి. అంతే. అమ్మకి కోపం వచ్చింది. "అక్కడ బాంబులు పడుతుంటే ఈయనకి తుప్పు గొడవ" అని ఇటుకల కోసం మామ్మ దగ్గరికి వెళ్లింది. మామ్మ ఇటుకకి పావలా చొప్పున అడిగిందని తర్వాత చాలాకాలం చెప్పుకున్నాం. నిజంగా తీసుకుందో లేదో గుర్తులేదు.

ఆ ఇటుకలే అక్టోబరులో పనికొచ్చాయి. గోపాల్‌పూర్ దగ్గర తుఫాను తీరం దాటినప్పుడు మా జిల్లా ఉత్తరపు వైపు బాగా దెబ్బతింది. మా దగ్గర గాలీ వానే, కానీ పెంకుల కప్పు నాలుగుచోట్ల కారింది, వెనక నుంచి నీళ్లు గదుల్లోకి వచ్చేశాయి. గట్టి మూతలున్న ఇనప పెట్టెలు ఆ వరుసలో మావే. కండక్టరు గారింటి బియ్యం, టైలరు గారి ఖాతాదారుల జాకెట్టు గుడ్డలు, మామ్మ ఇంటి దస్తావేజులు అన్నీ మా పెట్టెల్లోకి చేరాయి. హుండీలన్న మాట మామ్మ మళ్లీ ఎత్తలేదు.

నాన్న వచ్చింది 2000 సంక్రాంతి వెళ్లాక. యుద్ధమప్పుడు అందరి సెలవులూ ఆపేశారు. ఇప్పుడు రెండు నెలల వార్షిక సెలవు దొరికింది. మేం ఆమదాలవలస వెళ్లి తీసుకొచ్చాం. మనిషి నల్లబడ్డారు, పెదాలు పగిలి ఉన్నాయి. తమ్ముడు నా వెనక దాక్కున్నాడు.

నాన్న లేని ఏడాదిన్నరలో ఆ గది చిన్నదని నాకు అనిపించలేదు. నాన్న వచ్చిన మర్నాడే ఇరుకైపోయింది. ముగ్గురు పడుకునే చోట నలుగురు పడుకోవాలన్నది చిన్న సంగతే. నాన్న బంకర్లో ఉండి వచ్చారు, దాని ముందు ఈ గది ఆయనకి పెద్దదే. గొడవల్లా, ఆయనకి ఒక పద్ధతి, మాకు ఒక పద్ధతి. పొద్దున్న అయిదింటికి లేచి దుప్పట్లు నాలుగు అంచులూ కలిసేలా మడిచి పేర్చేవారు. చెప్పులు గుమ్మం పక్కన ఒక వరుసలో, ముందు వైపు వీధికి ఉండేలా. తమ్ముడి పలక, నా రిబ్బన్లు, అమ్మ కత్తిపీట, అన్నిటికీ చోటు మారింది. మేం లేనప్పుడు ఒకరోజు మూడు పెట్టెల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చేశారు. నేల ఎంత ఖాళీ అయిందో చూడమన్నారు. అయింది నిజమే. అడుగు పెట్టెలోది ఏది తీయాలన్నా మాత్రం పై రెండూ దించాలి.

అమ్మ ఏమీ అనకుండా సాయంత్రానికి దించేసింది. మర్నాడు నాన్న మళ్లీ పేర్చారు. అమ్మ మళ్లీ దించింది. మూడోరోజు మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "ఏవండీ, మీ యూనిట్‌కొచ్చి నేనెప్పుడైనా పెట్టెలు సర్దానా?" అంది. నాన్న కాసేపు నిలబడి, చొక్కా వేసుకుని టీకి వెళ్లిపోయారు.

అక్కడితో ఆగలేదు, అరుగు మీదకి వెళ్లింది ఆయన క్రమశిక్షణ. అయిదు పోర్షన్లకి ఒక స్నానాల గది అంటే పొద్దున్నే ఎలా ఉంటుందో అలాంటి చోట ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. నాన్న సుద్దముక్కతో స్నానాల గది తలుపు మీద టైము టేబుల్ రాశారు. ఫస్టు బస్సు డ్యూటీ కాబట్టి కండక్టరు గారు నాలుగున్నరకి, తర్వాత బడి పిల్లలు, ఆ తర్వాత టైలరు గారు, అలా. కండక్టరు గారు చాలా సంతోషించారు. మామ్మకి ఏడున్నర రాశారు. ఆవిడ అయిదింటికే తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, "నా ఇంట్లో నాకు టైమేటి బాబూ" అని లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. బయట నాన్న వాచీ చూసుకుంటూ నిలబడ్డారు. ఆ టేబుల్ వారం నడిచింది. వానకి కాదు, మామ్మ తడిచేతికి చెరిగిపోయింది.

ఆ రోజుల్లోనే రథసప్తమి వచ్చింది. అరసవల్లిలో అర్ధరాత్రి నుంచే అభిషేకం, దర్శనాలు. చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి. శ్రీకాకుళంలో గది ఉన్నవాళ్లకి ఆ రోజు చుట్టాలు రాకుండా ఉండరు. మా ఊరి నుంచి తాతయ్య, నాన్నమ్మ, ఇద్దరు పిన్నులు, బాబాయిలు, వాళ్ల పిల్లలు, మధ్యలో ఎవరో తెలిసినావిడ ఒకావిడ, అందరూ సాయంత్రం బస్సుకి దిగారు. కాసేపు నడుం వాల్చి రాత్రి పదకొండింటికి లేచి వెళ్దామని. ఎక్కడ వాల్చాలి? అమ్మ ముఖం చూడాలి అప్పుడు. నాన్న ముఖం మాత్రం వెలిగిపోయింది. బంకర్లో ఇంతకంటే ఎక్కువమంది పడుకున్నామంటూ పెట్టెలు అరుగు మీదకి చేరవేసి, అందరినీ ఒక వరుసలో, ఒకరి తల పక్కన ఇంకొకరి కాళ్లు వచ్చేలా ఎదురుబొదురుగా పడుకోబెట్టారు. భుజాలు వెడల్పు, కాళ్లు సన్నం, కాబట్టి ఇలా అయితే ఎక్కువమంది పడతారని లెక్క కూడా చెప్పారు. పట్టారు. నాన్నమ్మ మాత్రం ఎవరివో కాళ్లు తన తలవైపున్నాయని లేచి కూర్చుని, పదకొండు దాకా అలాగే కూర్చుంది. పెట్టెలు సర్దడం గురించి అమ్మ అన్న మాట ఆ రాత్రికి నాన్న మర్చిపోయినట్టున్నారు.

తమ్ముడు అన్న మాట మాత్రం మర్చిపోలేదు. ఒక మధ్యాహ్నం వాడు అన్నం తింటూ అమ్మని అడిగాడు, "నాన్న ఎప్పుడెళ్లిపోతారు? నా గోడ నాకెప్పుడిస్తారు?" అని. గోడ పక్కన ఇప్పుడు నాన్న పడుకుంటున్నారు. నాన్న అరుగు మీద బూట్లు పాలిష్ చేస్తున్నారు, తలుపు తీసే ఉంది. బ్రష్ చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది. ఆ సాయంత్రమే మామ్మ దగ్గర పాత నవ్వారు మంచం సెలవు అయ్యేదాకా అద్దెకి తీసుకుని అరుగు మీద వేసుకున్నారు. గాలి బాగుంటుందన్నారు. వాడి గోడ వాడికి వచ్చింది.

మరుసటి ఏడు సెలవుకి వచ్చినప్పుడు నాన్న గుమ్మంలో బ్యాగు దించి, "ఇది ఎక్కడ పెట్టను?" అని అమ్మని అడిగారు. అమ్మ పెట్టెల వెనక చూపించింది. ఆ సెలవులో ఏ వస్తువూ చోటు మారలేదు. విశాఖ వెళ్లి మిలట్రీ క్యాంటీన్ కోటా తెచ్చారు, బాబాయిలు రమ్ కోసం వస్తే పంచారు, తమ్ముడికి సైకిలు నేర్పారు. గది మళ్లీ గదిలానే ఉంది.

2001 వేసవిలో సికింద్రాబాదుకి పీస్ పోస్టింగ్, అంటే కుటుంబం వెంట ఉండగల పోస్టింగ్ వచ్చింది, ఈసారి క్వార్టరుతో సహా. ఆ ముందరి లిస్టులో మా పేరు ఎక్కడిదాకా వచ్చిందో మాకు ఎవరూ చెప్పలేదు. ఖాళీ చేసే రోజు మామ్మ గది చూడడానికి వచ్చింది. ఖాళీ చేసేవాళ్ల దగ్గర మేకు కన్నాల లెక్కన సున్నం డబ్బులు వసూలు చేయడం ఆవిడ అలవాటు. నాలుగు గోడలూ కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. ఒక్క కన్నం లేదు. అమ్మ పక్కనే నిలబడి ఏమీ మాట్లాడలేదు గానీ, ఆ రోజు ఆవిడ నిలబడ్డ తీరు నాకు బాగా గుర్తుంది. మామ్మ చివరికి ఇటుకలు లెక్కపెట్టుకుని వెళ్లింది.

సికింద్రాబాదులో రెండు గదులు, విడిగా వంటిల్లు, ఎంఈఎస్ మంచాలు. సర్దుకుని ఆర్నెల్లు తిరిగాయో లేదో, డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. సైన్యం సరిహద్దుకి కదలడం మొదలైంది. మా చుట్టుపక్కల క్వార్టర్ల ముందు ట్రక్కులు ఆగుతున్నాయి, ఏ యూనిట్ ఎప్పుడు కదులుతుందో రోజుకో మాట వినబడుతోంది. నాన్నకి ఆర్డరు రాకముందే అమ్మ మామ్మకి కార్డు రాసింది, మళ్లీ అవసరం పడితే గది దొరుకుతుందా అని.

మామ్మకి చదువు రాదు. మనవడి చేత రాయించిన జవాబు పది రోజుల్లో వచ్చింది. మీ గది ఒక కంపౌండరుకి ఇచ్చాను, వాళ్లు మేకులు కొట్టేశారు, ఏటి సెయ్యను. పక్క పోర్షన్ సంక్రాంతికి ఖాళీ అవుతుంది, మీకోసం ఎవరికీ ఇవ్వను. పెట్టెలు తప్పకుండా తెచ్చుకోండి. అద్దె నాలుగొందలు.